లిఫ్టర్ దశరథం

దశరథం నిలబడి నిద్రపోగలడు. సుల్తానాబాద్ హైస్కూల్లో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు. పొద్దున ప్రార్థనకు వరసలో నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని, కళ్లు మూసేవాడు. మేమంతా భక్తి నటిస్తూ కళ్లు మూసుకుంటే, వాడు నిజంగానే నిద్రలోకి జారుకునేవాడు. ప్రార్థన అయిపోయి వరస కదిలాక వెనకనున్న నేను వాడి వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాలి.

వాడిది పద్మశాలి వాడలో చివరి ఇల్లు. ఇంట్లో ఒకటే గుంట మగ్గం. తండ్రి అంతయ్యకు నడుం పాడైపోయింది, పూటంతా కూర్చోలేడు. అందుకని చీకటి విచ్చుకుంటుండగానే దశరథం మగ్గం గుంటలో దిగి, బడి వేళ వరకు నేసేవాడు. వాడు లేవగానే అదే చోట, ఇంకా వాడి ఒంటి వేడి చల్లారకముందే, అంతయ్య కూర్చునేవాడు. సాయంత్రం బడి విడిచాక మేము ఇళ్లకు పరుగెత్తితే వాడు మైదానంలోకి పోయేవాడు, వాలీబాల్ ఆడటానికి. బంతి కనపడనంత చీకటి పడ్డాకగాని బయటికొచ్చేవాడు కాదు.

అప్పటికి హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉంది. బళ్లో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది కాని మా డ్రిల్లు సార్ యాకూబ్ అలీ నోటి నుంచి మాత్రం ఆజ్ఞలు ఉర్దూలోనే వచ్చేవి. "సీదా చలో!" అని కేకేసి, ఆగి, నెమ్మదిగా "సక్కగ నడువుండ్రి" అనేవారు. సన్నటి మనిషి. ఎప్పుడూ దగ్గుతుండేవారు. ఒకప్పుడు హాకీ బాగా ఆడేవారని చెప్పుకునేవాళ్లు. ఆయన మాత్రం ఆ మాట ఎత్తేవారు కాదు. బడికి ఉన్న ఒకే ఒక తోలుబంతిని సంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయి, మళ్లీ సంకలో పెట్టుకునే తెచ్చేవారు.

దశరథం పొడగరి కాదు. నెట్టు దగ్గర చెయ్యి చాపితే వేళ్లు దాని అంచుకు జానెడు కిందే ఉండేవి. కాని ఎగిరితే మణికట్టు నెట్టు దాటి పైకి వచ్చేది. అక్కడ చెయ్యి విదిలించి బంతిని కొడితే, అవతలివాళ్లు దాన్ని ఎత్తడం మాని పక్కకు తప్పుకునేవాళ్లు. నేను ఆ జట్టులో లిఫ్టర్ని. నెట్టు పక్కన నిలబడి, కొట్టేవాడికి అందేలా బంతిని పైకి ఎత్తి ఇవ్వడమే లిఫ్టర్ పని. నేను ఎంత వంకరగా ఎత్తినా దశరథం దాన్ని ఎలాగో అందుకుని కొట్టేవాడు. అందువల్ల నాకూ కొంత పేరొచ్చింది.

ఆదివారాలు వాడు ఊరి పక్క వాగులోకి పోయేవాడు. ఒడ్డున ఒక మద్ది చెట్టు ఉంది. తడి ఇసుకలో నిలబడి ఎగిరి దాని కొమ్మ ముట్టుకోవాలి. ఇసుక కాళ్లను లోపలికి లాగుతుంది, దాంతో ఎగరడం కష్టం. ఒకసారి నేనూ వెంట పోయాను. వాడు ఎగురుతుంటే చూస్తూ కూర్చుని, నాకే ఆయాసం వచ్చి అడిగాను.

"గిదంత ఎందుకురా? సార్ జూస్తలేడు గద."

"హైదరాబాద్ పోవాలె."

"పోయి?"

"స్టేటు టీముల ఆడాలె."

"ఆడి?"

వాడు కాసేపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. "గది ఇంక సోంచాయించలే," అని, ఆలోచించే తీరిక లేనట్టు మళ్లీ ఎగిరాడు.

ఆ ఏడు కరీంనగర్‌లో జరిగిన పోటీల్లో మేము గెలవలేదు. కాని కాగజ్‌నగర్ కాగితం మిల్లు జట్టు నడిపే పెద్దమనిషి ఒకాయన దశరథం ఆట చూశారు. యాకూబ్ సార్ దగ్గరకు వచ్చి, "గీ పిలగాడు మెట్రిక్ కాంగనే మా దిక్కు తోలుండ్రి. నౌకరీ ఇప్పిస్త. పగలు పని, పొద్దూకితే ఆట," అన్నారు. ఆ మాట దశరథం విన్నాడు. ఆ రోజు నుంచి వాడి కోరిక రెండు ఊళ్ల పేర్లయింది. ముందు హైదరాబాద్, తర్వాత కాగజ్‌నగర్.

ఈ సంగతి చెప్పడానికి నన్ను కూడా ఇంటికి తీసుకుపోయాడు. అంతయ్య మగ్గంలో తెగిన పోగు అతుకుతున్నాడు. తలెత్తకుండానే అంతా విన్నాడు. కోపం రాలేదు. ఆయనకు కోపం తెచ్చుకునే ఓపిక ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

"చేతులు మగ్గానికే సాలుతలేవు బిడ్డా. బంతికి యాడికెల్లి తెస్తవు?"

"రెండు పనులు చేస్త బాపు."

"చేస్తవు. నీ ఈడుల నేను గూడ చేసిన. పొద్దుందాక నేసి తాలీంల కుస్తీకి పోతుంటి. గా నడుం అండ్లనే పోయింది." పోగు ముడి పడింది. నూలు కండె పెట్టిన నాడె మళ్లీ అటూ ఇటూ పరుగెత్తింది. వద్దని మాత్రం అనలేదు.

మరుసటి ఏడు దసరా ముందు నేత పని ఎక్కువైంది. దశరథం సాయంత్రం ఆట అయ్యాక కూడా మగ్గంలో కూర్చోవలసి వచ్చింది. నాడె పరుగెత్తించే పగ్గాన్ని కుడిచేత్తో లాగాలి, బంతినీ కుడిచేత్తోనే కొట్టాలి. భుజం నొప్పి మొదలైందని వాడు ఎవరికీ చెప్పలేదు. రాత్రి అమ్మ బాలవ్వ ఆముదపాకు వేడి చేసి కట్టేది. పొద్దున అది విప్పి పారేసి వచ్చేవాడు. చొక్కా వేసుకునేటప్పుడు ముందు కుడిచెయ్యి దూర్చి ఆ తర్వాత ఎడమది వేయడం మొదలుపెట్టాడు. నేను గమనించాను గాని అది అలవాటు అనుకున్నాను.

నవంబర్‌లో కొత్త రాష్ట్రం వచ్చింది. బళ్లో మిఠాయి పంచారు. ఆ తర్వాత కొద్ది రోజులకే కరీంనగర్‌లో జిల్లా పోటీలు. మేము చివరి ఆట వరకు వచ్చాం. ఇది గెలిస్తే జట్టు మొత్తం హైదరాబాద్ పోతుంది. చెరొక ఆట గెలిచి మూడోది ఆడుతున్నాం. నేను బంతి ఎత్తాను. దశరథం ఎగిరాడు. చెయ్యి వెనక్కి పోయింది. ముందుకు రాలేదు. బంతి వాడి భుజానికి తగిలి కింద పడింది. వాడు మాత్రం కాళ్ల మీదే దిగాడు. అరవలేదు, భుజం పట్టుకోలేదు. ముఖం మాత్రం బూడిద రంగుకు తిరిగింది.

"ఏమైందిరా?" అన్నాను.

"ఏం కాలే. ఎత్తు."

మళ్లీ ఎత్తాను. ఈసారి ఎడమచేత్తో కొట్టాడు. అది నెట్టులో పడింది. యాకూబ్ సార్ ఆట ఆపించి, లోపలికి వచ్చి, వాడి కుడిచెయ్యి పట్టుకుని మెల్లగా పైకి లేపబోయారు. చెవి దాకా వచ్చి ఆగింది. సార్ ఆ చేతిని జాగ్రత్తగా కిందికి దించి, "చల్ బేటా, బైట కూసో," అన్నారు. ఆ ఆట ఓడిపోయాం. హైదరాబాద్ ఆ ఏడు ఇంకెవరో పోయారు.

ఎముకలు కట్టే గంగయ్య ఒక కోళ్ల గంప పక్కన కూర్చుని ఆ భుజాన్ని చాలాసేపు తడిమి చూశాడు. "ఇరిగితే కట్టు కడుత. గిది ఇరగలే, అరిగింది. అరిగినదానికి ఏం కట్టు కట్టాలె? చేతికి జర తీరిక ఇయ్యుండ్రి," అన్నాడు. సలహా మంచిదే. ఆ ఇంట్లో తీరిక ఎవరి దగ్గర ఉంది ఇవ్వడానికి?

మర్నాడు తెల్లవారుతుండగా దశరథం లేచేసరికి మగ్గం శబ్దం వినిపించింది. అంతయ్య గుంటలో కూర్చుని ఉన్నాడు. ఇదంతా తర్వాత వాడే నాకు చెప్పాడు.

"లే బాపు. నేను నేస్త."

"నువ్వు కండెలు చుట్టు. మగ్గం ముట్టకు."

"నీ నడుం..."

"నా నడుం ఎన్నడో పోయింది. పోయింది మల్ల పోతదా?"

ఆ చలికాలమంతా రెండు పూటలూ అంతయ్యే నేశాడు. నేను ఎప్పుడైనా పోతే, గుంటలోంచి పైకి రావడానికి ఆయన గోడ పట్టుకుని పడే అవస్థ కనిపించేది. దశరథం పక్కన కూర్చుని కండెలు చుడుతూ అటు చూసేవాడు కాదు. ఎండాకాలం వచ్చేసరికి భుజం నొప్పి తగ్గింది. మళ్లీ నేయగలిగాడు. కాని చెయ్యి చెవి దాటి పైకి పోయేది కాదు. తలకు నూనె రాసుకోవాలన్నా ఎడమచేత్తోనే.

వాడు మైదానానికి రావడం మానేశాడు. బడి విడిచాక నేరుగా ఇంటికి పోయేవాడు. అందువల్ల ప్రార్థనలో నిద్రపోవడం తగ్గింది. ముఖం మాత్రం ఇంకా అలసటగానే ఉండేది. ఒకరోజు యాకూబ్ సార్ బంతి సంకలో పెట్టుకుని బడి గేటు దగ్గర నిలబడి వాడిని ఆపారు.

"రేపటికెల్లి వచ్చి బంతి ఎత్తు. లిఫ్టర్‌గ."

"నాతోటి కాదు సార్. చెయ్యి లేస్తలేదు."

"కొట్టెటోనికి చెయ్యి నెత్తి మీదికి పోవాలె. ఎత్తెటోనికి మొఖం ముందల ఉంటే సాలు."

దశరథం సార్ సంకలోని బంతిని చూశాడు. తర్వాత, "వేరేటోళ్లు కొట్టుడుకు ఎత్తిచ్చెతందుకా సార్, నేను గంత ఎగిరింది?" అన్నాడు.

సార్‌కు దగ్గు వచ్చింది. అది ఆగేదాకా నిలబడి, "నాకు సమజైతది బేటా. నేను గూడ అనుకున్నదాని దాక పోలే. గిక్కడి దాకనే వచ్చిన. మీ అందరికి ఆట నేర్పెటందుకు వచ్చిన్నా? కాదు. కాని వచ్చినంక నేర్పుతున్న," అన్నారు. అంతే. బతిమాలలేదు.

రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చాడు. నా చోటు వాడికిచ్చి నేను బయట కూర్చున్నాను. నిజం చెప్పాలంటే హాయిగానే అనిపించింది.

కొట్టేవాడి చోటులోకి మొండయ్య వచ్చాడు. వాడిది పక్క ఊరు, రైతుల ఇల్లు. తాటిచెట్టంత మనిషి. బలం ఉంది, కాని ఎప్పుడు ఎగరాలో తెలియదు. అలాంటివాడికి బంతి ఎత్తడం దశరథానికి నరకంలా ఉండేది. సార్ దశరథాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, పది వేళ్లతో బంతిని పైకి తోయించేవారు. గోళ్లు చిట్లాయి. వేళ్లు వాచి, మగ్గంలో పోగు అతకడం కష్టమైంది. పొద్దున మగ్గం, పగలు బడి, సాయంత్రం మొండయ్య.

"జర పైకెయ్యన్నా."

"ఏసిన. నువ్వే ముందుగాల ఎగురుతున్నవ్."

"నెట్టుకు దగ్గరైతుందే."

"అయితే నువ్వే ఎత్తుకో!"

ఒక సాయంత్రం ఇలాగే మాట పెరిగి దశరథం ఆట మధ్యలో నేల మీద కూర్చుండిపోయాడు. మేమంతా వాడికి ఏదో అయిందనుకున్నాం. "ఏం కాలే. అల్సిపోయిన," అన్నాడు.

"ఇప్పుడే గద వచ్చినవ్," అన్నాడు మొండయ్య.

"ఇయ్యాల కాదు. పోయినేడే అల్సిపోయిన. ఇప్పుడు కూసున్న."

మొండయ్య ఏమనుకున్నాడో, వచ్చి పక్కనే కూర్చున్నాడు. పొద్దున ఎడ్లకు మేతేసి, పొలం తడిపి, ఊరి నుంచి నడిచి వస్తానని చెప్పాడు. "నాక్కూడ కాళ్లు గుంజుతుంటయే. ఇంటికి పోదామనిపిస్తది. కాని నువ్వు బంతి ఎత్తినవంటే కొట్టబుద్ధయితది. ఏం జెయ్యాలె?" అన్నాడు. వాడు పొగడ్తలు తెలిసిన మనిషి కాదు. అందుకే ఆ మాట దశరథానికి తాకినట్టుంది. కాసేపటికి లేచి, నిక్కరు దులుపుకుని, "రా," అన్నాడు.

ఆ ఏడు మేము జిల్లా గెలిచాం. పెద్దపల్లి స్టేషన్లో రైలెక్కి హైదరాబాద్ పోయాం. కోస్తా నుంచి, రాయలసీమ నుంచి వచ్చిన జట్లతో ఆడాం. వాళ్ల తెలుగు మాకు, మా తెలుగు వాళ్లకు కొత్తగా ఉండేది. మేము రెండు ఆటలు గెలిచి మూడోది ఓడాం. సాయంత్రం స్టేటు జట్టుకు ఎంపికైనవాళ్ల పేర్లు చదివారు. మొండయ్య పేరు వచ్చింది. లిఫ్టర్‌గా గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పొడుగాటి అబ్బాయిని తీసుకున్నారు. అతను మా దగ్గరకు వచ్చి దశరథం చేతులు పట్టుకుని, "మీ చేతుల్లో బంతి ఎంత మెత్తగా ఉంటుందండీ!" అన్నాడు. తన వయసువాడు తనను అండీ అనడం దశరథానికి అర్థం కాలేదు. వెనక్కి తిరిగి ఎవరితో అంటున్నాడా అని చూశాడు.

యాకూబ్ సార్ మా అందరికీ చాయ్ తాగించారు. దశరథం పక్కన కూర్చుని, "బాధైతుందా?" అని అడిగారు.

"లే సార్. ఆకలైతుంది," అన్నాడు.

మెట్రిక్ అయ్యాక కాగజ్‌నగర్ పెద్దమనిషి మాట నిలబెట్టుకున్నారు. కాని ఆయన పిలిచింది మొండయ్యను. మొండయ్య రైలెక్కి పోయి, మిల్లు జట్టుతో ఒక రోజు ఆడి, వాళ్ల లిఫ్టర్ ఎత్తిన బంతులన్నీ నెట్టుకు కొట్టి, "నాకు దశరథం ఎత్తాలె. లేకుంటే నేను ఇంటికి పోత," అన్నాడట. స్నేహం కోసం కాదు. వేరేవాళ్లు ఎత్తితే వాడికి నిజంగానే ఆట వచ్చేది కాదు. అలా దశరథానికి మిల్లులో నౌకరీ దొరికింది.

కాగితాలను కట్టలు కట్టే విభాగంలో వేశారు. రోజంతా నిలబడే పని. మిల్లు వాసనకు మొదట్లో అన్నం సయించేది కాదట, తర్వాత అన్నానికీ అదే వాసన వచ్చేసరికి అలవాటైందట. షిఫ్టు అయ్యాక గ్రౌండ్. నేను అదే రైలు దారిలో మంచిర్యాలలో మాస్టర్‌నయ్యాను. అప్పుడప్పుడు పోయి చూసేవాణ్ని. బల్హార్షా, నాగ్‌పూర్, వరంగల్ జట్లు వచ్చేవి. జనం మొండయ్య పేరు పెట్టి అరిచేవాళ్లు. దశరథం ముక్కు ముందు రెండు చేతులు పెట్టుకుని, నోరు మెదపకుండా, బంతి ఎత్తుతుండేవాడు.

ఒకసారి అంతయ్య వచ్చాడు. జీవితంలో మొదటిసారి కొడుకు ఆట చూడటానికి కూర్చున్నాడు. రెండో ఆట సగంలో నిద్రపోయాడు. అరుపులకు లేచి, ఎవరు గెలిచారని నన్ను అడిగాడు. తిరిగి ఇంటికి నడుస్తుంటే కొడుకుతో అన్నాడు.

"నువ్వు ఎత్తినవు. గాయిన కొట్టిండు. సప్పట్లు గాయినకు కొట్టిండ్రు."

"ఆట గంతే బాపు."

"గదే గద అంటున్న. మన పని గూడ గంతే. నేసుడు మనది, కట్టుకునుడు ఒకలది." కొంత దూరం నడిచాక, "చెయ్యి నొస్తుందా?" అని అడిగాడు. నొస్తలేదని దశరథం అబద్ధం చెప్పాడు. నమ్మాడో లేదో, అంతయ్య వాడి చేతిలో సంచి తీసుకుని తనే మోశాడు.

రెండేళ్లకు మొండయ్య సికింద్రాబాద్ రైల్వే జట్టులోకి పోయాడు. ఈసారి దశరథాన్ని అడగలేదు. అక్కడ మంచి లిఫ్టర్ ఉన్నాడు. దశరథం మిల్లులోనే ఉండిపోయాడు. బాలలక్ష్మితో పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. అంతయ్య పోయాడు, సుల్తానాబాద్‌లో మగ్గం విప్పి అటక మీద పెట్టారు. జట్టులోకి కొత్త పిల్లలు వచ్చారు, వాళ్లు ఎగరడం నేర్చుకుని పోయారు. ఇంకొకరు వచ్చారు. ప్రతివాడికీ బంతి ఒక్కో ఎత్తులో కావాలి. ఒకరికి ఎత్తుగా, ఒకరికి నెట్టుకు దూరంగా. వాడు అన్నీ గుర్తు పెట్టుకునేవాడు. "వీళ్లకు నువ్వు ఏమైనా నేర్పుతున్నవా?" అని ఒకసారి అడిగితే, "నేర్పే ఓపిక లేదురా. ఎత్తుత, గంతే. వాళ్లకే వస్తది," అన్నాడు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో జట్టు కెప్టెన్, వయసులో చాలా చిన్నవాడు, మొహమాటంగా వచ్చి, కొత్త లిఫ్టర్ వచ్చాడని చెప్పాడు. దశరథం ఆ సాయంత్రం కొత్తవాడి ఆట కాసేపు చూశాడు. బాగానే ఎత్తుతున్నాడు. కాళ్లకున్న కాన్వాస్ బూట్లు విప్పి, లేసులు ఒకదానికొకటి ముడేసి, గది దగ్గర ఉన్న కొక్కేనికి తగిలించాడు. ఎవరికైనా సరిపోతే వేసుకుంటారని.

ఇంటికి పోయేసరికి ఇంకా ఎండ ఉంది. బాలలక్ష్మి గడపలో చింతపండు గింజలు తీస్తోంది. పెళ్లయ్యాక ఆ వేళకు భర్త ఇంటికి రావడం ఆమె చూడలేదు.

"ఏంది, గింత జల్ది వచ్చినవ్? పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. ఆట లేదు ఇగ."

"ఇయ్యాలనా?"

"ఎన్నడు లేదు."

ఆమె చేతులు ఆగాయి. వాడు ఏడుస్తాడేమోనని కాసేపు చూసిందట. ఏడవలేదు. గడపలో కూర్చుని, కాళ్లు చాపుకుని, వీధిలో ఎండను చూస్తూ ఉండిపోయాడు. ఆ వెలుగులో ఏం చెయ్యాలో వాడికి తోచలేదని నాకు తర్వాత చెప్పాడు. ఇన్నేళ్లూ ఆ గంటలు గ్రౌండులోనే పోయాయి.

"ఇయ్యాల సంత," అంది బాలలక్ష్మి చివరికి. "ఎప్పుడు నేనొక్కదాన్నే పోత."

దశరథం లేచాడు. మోకాళ్లు పటపటమన్నాయి. కూతుర్ని ఎడమచేతి మీద ఎత్తుకుని, సంచి పట్టుకుని, "నడువు," అన్నాడు. ముగ్గురూ నెమ్మదిగా సంత వైపు పోయారు. అక్కడ వంకాయలు ఎంత బాగున్నాయో చూడమని భార్య చెబుతుంటే, వాడు ఆగి, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చూశాడు.